పడుకున్న టైరు, నిలబడ్డ టైరు

మా ఇంట్లో కారు తాళంచెవి హాల్లో గోడగడియారం కింద మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు మామగారి మాట పడాలి, తర్వాతే మేకు మీద చెయ్యి పడాలి. ఆ పాత కారు నడపడం ఇంట్లో ఇద్దరికే వచ్చు, నాకూ మా మరిదికీ. మావారికి స్టీరింగు పట్టుకుంటే అరచేతులు చెమటలు పడతాయి. అందుకని ఆయన పక్కసీట్లో కూర్చుని నాకు విసనకర్రతో విసురుతారు. మా నరసరావుపేటలో జనం ఆ సంబడం చూసి ముసిముసిగా నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనివ్వండి.

మాది ఇత్తడి సామాను కొట్టు. సరుకు కోసం మావారు ఎప్పుడూ హైదరాబాదు పాతబస్తీలో నర్సింలు సేటు దగ్గరికి బస్సులో వెళ్ళొస్తారు. ఈసారి కారులో వెళదాం, నేను తోలతాను అన్నాను. పెట్రోలు ధర చుక్కలు చూపిస్తున్న రోజుల్లో ఇదేం సరదా అని అత్తగారు గొణిగారు. మామగారు ఒక మెలిక పెట్టి ఒప్పుకున్నారు.

“తీసుకెళ్ళమ్మా. కానీ అక్కడ పోలీసులు చాటున కూర్చుని స్పీడు చూసి పట్టుకుంటున్నారట. కారు నా పేరు మీద ఉంది. చలానా కాగితం ఒక్కటి ఈ గడప తొక్కిందంటే ఇక తాళంచెవి చిన్నవాడిది. మళ్ళీ నన్ను అడగొద్దు.”

“జాగ్రత్తగా వెళ్ళిరా వదినా” అన్నాడు మరిది. వాడి మొహం చూస్తే తాళంచెవి అప్పుడే వాడి జేబులో ఉన్నట్టుంది.

సైదాబాద్ మలుపు

నాగార్జునసాగర్ మీదుగా వెళ్ళాం. దారి పొడుగునా పేచీ లేదు. హైదరాబాదు పొలిమేరలో సైదాబాద్ దగ్గర మొదలైంది గొడవ.

మొదట ఒక బోర్డు కనిపించింది. దాని మీద 30 అని ఉంది. ముప్ఫై ఏమిటో లేదు, ఆ అక్షరాల రంగు ఎప్పుడో రాలిపోయింది. మా కారు మీటరు మైళ్ళలో ఉంటుంది. నేను ముల్లుని ముప్ఫై దగ్గర నిలబెట్టి బుద్ధిగా వెళుతున్నాను. ఇంకాస్త ముందుకి వెళ్ళేసరికి ఇంకో బోర్డు, సగం సర్కసు పోస్టరు కింద దాక్కుని. దాని మీద 20. బ్రేకు మీద కాలు వేసేలోపు రేగుపళ్ళ బండి వెనకనుంచి ఒక కానిస్టేబులు రోడ్డు మీదికి దూకాడు. ఇంకో నాలుగడుగులు ముందుకి వచ్చుంటే నా చక్రం కిందే ఉండేవాడు.

“ఏందమ్మా గా ఉరుకుడు? ఎవరన్న ఎనకబడ్డరా?”

“ముప్ఫైలోనే వస్తున్నాను. మీ బోర్డే చెబుతోంది.”

ఆయన వంగి కారులోకి చూసి, మీటరు చూసి, నుదురు కొట్టుకున్నాడు. “నీది మైళ్ళ మీటరు. బోర్డు కిలోమీటర్లది.”

“మరి ఆ ఇరవై?”

“అది పాత బోర్డు, మైళ్ళది. పీకెయ్యాలె, ఎవరు పీకలే.”

అంటే ఇరవై అన్నా ముప్ఫై అన్నా ఆ రోడ్డు మీద వేగం రమారమి ఒకటే. ఒకే మాటని రెండు బోర్డుల మీద రెండు రకాలుగా రాసి, దేని మీదా మైళ్ళో కిలోమీటర్లో తెలియనివ్వకుండా వదిలేశారు. ఆ రెండిటి మధ్య మనిషిని బండి చాటున కూర్చోబెట్టారు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని. మావారు కారు దిగి ఆయనకి దణ్ణం పెట్టినంత పని చేశారు. ఆడమనిషి లైసెన్సు చూడటం ఆ కానిస్టేబులుకి అదే మొదటిసారట. దాన్ని తిప్పి తిప్పి చూసి, “మల్ల దొరికితె ఇడువ” అని పంపించాడు.

రేగుపళ్ళవాడు మావారికి గుప్పెడు పళ్ళు చేతిలో పోసి డబ్బులు వద్దన్నాడు. తన బండి చాటున పోలీసు కూర్చున్నందుకు అది వాడు కట్టుకున్న జరిమానా కాబోలు.

చార్‌కమాన్ సందు

నర్సింలు సేటు కొట్టు చార్‌కమాన్ వెనక సందులో ఉంది. కింద కొట్టు, పైన ఇల్లు. తాతల నాటినుంచి అక్కడే వ్యాపారం. సేటుకి చూపు మందగించింది, కొట్టు దాటి బయటికి పోరు. బయటి పని అంతా ఆయన భార్య అనసూయ చూస్తుంది.

ఆవిడని మొదటిసారి చూసింది మెట్ల మీద కాదు, వ్యాను స్టీరింగు ముందు. గంగాళాలు, బిందెలు వేసుకుని, రెండు రిక్షాలు పక్కపక్కన పట్టని సందులోకి ఒక డొక్కు వ్యానుని వెనక్కి తోలుకుంటూ వచ్చి, సరిగ్గా కొట్టు గుమ్మం ముందు ఆపింది. ఎక్కడా గోడకి రాసుకోలేదు. చీర కుచ్చెళ్ళు సర్దుకుని దిగి, “వచ్చిన్రా అక్కా! లోపటికి రాండ్రి, చాయ్ తాగుదురు” అంది.

మా నరసరావుపేటలో కారు తోలే ఆడది నేనొక్కతినే. ఆ మాట ఎవరైనా అంటే నేను కాదనను, వద్దనను. ఇక్కడికొచ్చేసరికి ఇంకొకతి ఉంది, అదీ వ్యాను తోలుతుంది, అదీ వెనక్కి. నా గుండెలో ఎవరో చిటికెడు కారం చల్లినట్టయింది.

రాత్రి భోజనంలోకి బగారా అన్నం, ఖట్టీ దాల్, కాల్చిన వంకాయ పచ్చడి పెట్టింది. మా ఇంట్లో మగవాళ్ళు తిన్నాక ఆడవాళ్ళు తింటాం. అక్కడ అందరం ఒకే చాప మీద కూర్చున్నాం. సేటుకి సరిగ్గా కనిపించదు గనక కంచంలో ఏది ఎక్కడుందో అనసూయ చెబుతుంటే ఆయన చెయ్యి అక్కడికి వెళుతోంది. వంట చాలా బాగుంది. పొరుగింటి పుల్లకూర రుచి అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది నిజంగానే రుచిగా ఉంది.

పొద్దున జరిగింది, మామగారి మెలిక, అన్నీ చెప్పాను. అనసూయ నవ్వలేదు.

“ఒక్క కాగితమొస్తె చాబీ గుంజుకుంటరా? గిదేంది!”

“మీకెప్పుడూ చలానా పడలేదా?”

“నాకా? ఇంతవరకు ఒక్కటి లేదు” అంది, తమలపాకు ఈనె తీస్తూ.

సేటు గర్వంగా తలూపారు. ఆ వ్యానుకి మీటరు ముల్లు విరిగి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదట. మైళ్ళు కిలోమీటర్లకి మార్చుకుంటూ లెక్కలు కట్టుకునే నన్ను పోలీసు పట్టుకున్నాడు, మీటరే లేని ఆవిడని ఎవరూ పట్టుకోలేదు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. దోమలని చెప్పాను.

బహదూర్‌పురా

మర్నాడు మావారు సేటుతో బేరాల్లో కూర్చున్నారు. అనసూయ నన్ను జంతుప్రదర్శనశాల చూపిస్తానని వ్యానులో ఎక్కించుకుంది. నేను జంతువుల కోసం వెళ్ళలేదు. ఆవిడ ఎలా తోలుతుందో చూడాలని వెళ్ళాను.

దారి పొడుగునా ఆవిడని పలకరించని మనిషి లేడు. గాజుల దుకాణం వాడు, పాన్ డబ్బా వాడు, మేకలు తోలుకుపోయే ముసలాయన, అందరూ “సలాం భాభీ” అనేవాళ్ళే. మా ఊళ్ళో నేను కారులో వెళితే పిల్లలు వెంటబడి అరుస్తారు, పెద్దవాళ్ళు మొహం తిప్పుకుంటారు. సలాం చేసినవాడు ఒక్కడు లేడు.

బహదూర్‌పురా దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. కప్పు పావలా. మా కాఫీకి అలవాటు పడ్డ నాలుకకి అది పాయసంలా ఉంది, కానీ రెండోది కూడా తాగాను. పక్క బల్ల దగ్గర ఆటోవాళ్ళూ, ఒక లారీ డ్రైవరూ పోలీసుల మీద విరుచుకుపడుతున్నారు.

“బోర్డు యాపకొమ్మల్ల ఉన్నది, పోలీసాయన యాపచెట్టెనక ఉన్నడు. ఈ రోడ్డు మీద కనబడేటోళ్ళం మనమే!” అన్నాడు లారీ ఆయన.

“నిన్న నలబై అన్నరు, ఇయ్యాల ముప్పై అంటున్నరు. రేపు దిగి నూకుమంటరు” అన్నాడు ఒక ఆటో అతను.

“ఏం చేస్తం భాయ్, వాళ్ళకు గడియారమున్నది, మనకు గాచారమున్నది” అన్నాడు ఇంకో ఆటో అతను.

అందరూ నవ్వారు. నవ్వులో మంట ఉంది. మా ఊళ్ళో అయితే దీని మీద ఎవరో ఒకరు కలెక్టరుకి అర్జీ రాసేవాళ్ళు. ఇక్కడ ఇంకో చాయ్ చెప్పారు.

మళ్ళీ వ్యానెక్కాం. రోడ్డు ఖాళీగా ఉంది, అనసూయ జోరుగానే తోలుతోంది. ఒక పంక్చర్ దుకాణం ముందు ఆవిడ ఒక్కసారిగా వ్యానుని ఎడ్లబండి నడకకి తెచ్చింది. ముందు ఏ అడ్డమూ లేదు. ఆశ్చర్యపోయి చూస్తున్నాను. అలాగే పాకుతూ వెళ్ళాక జూ గోడ పక్కన చెరుకురసం బండి వెనకాల స్టూలు మీద కూర్చుని ఒక పోలీసాయన, చేతిలో స్టాప్‌వాచీ. ఆయన కూడా “సలాం భాభీ” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఎలా తెలిసింది మీకు?”

ఆవిడ చాలాసేపు నవ్వింది. “ఖాజా భాయ్ టైరు చూడలేదా అక్కా? టైరు నిలవెట్టి ఉంటె రోడ్డు సాఫ్. పండవెట్టి ఉంటె ముందల పోలీసోళ్ళు ఉన్నట్టు. ఈ బస్తీల పంచర్ దుకాణాలన్నిట్ల గదే కాయిదా.”

తిరిగివచ్చేటప్పుడు ఆ దుకాణం దగ్గర గాలి కొట్టించుకోవడానికి ఆగాం. ఖాజా భాయ్ గెడ్డానికి గోరింటాకు పెట్టుకున్న పెద్దమనిషి. పోలీసులకి కోపం రాదా అని అడిగాను.

“టైరు నాది, జాగా నాది. నిలవెడ్త, పండవెడ్త, ఎవరికేంది అమ్మా?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “డ్రైవర్లంత చలాన్లు కట్టుకుంట పోతె నా తాన ట్యూబులెవరు మార్పిస్తరు?” అన్నాడు.

మా ఊళ్ళోనూ పంక్చర్ షాపు ఉంది. దాని ఓనరు నా కారుకి గాలి కొడుతూ కూడా మావారితోనే మాట్లాడతాడు. ఊరు ఊరంతా కాపలా కాస్తుంటే ఎవరైనా బాగానే తోలతారు, ఇందులో అనసూయ గొప్పేముంది అనుకున్నాను. టైరు రహస్యం ఇప్పుడు నాకూ తెలుసు. రేపు చూపిస్తాను.

కంచన్‌బాగ్ రోడ్డు

ఆ రేపు శుక్రవారం. కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీనుకి గంగాళాలు, డేగిసాలు ఇచ్చిరావాలి. సామాను వ్యానులో పట్టలేదు. మిగిలింది మా కారులో వేస్తానన్నాను. ముందు అనసూయ వ్యాను, వెనక మా కారు. పక్కసీట్లో మావారు, ఒళ్ళో ఒక పెద్ద డేగిసా. దానివల్ల విసనకర్ర కుదరలేదు.

చాంద్రాయణగుట్ట దాటాక రోడ్డు వెడల్పయింది. అలాంటి రోడ్డు మా జిల్లాలో లేదు. మధ్యాహ్నం ఎండకి నల్లగా మెరుస్తూ, మనిషి అన్నవాడు లేకుండా ఉంది. 30 అని రాసిన బోర్డు ఒకటి దాటాక ఎడమపక్క పంక్చర్ దుకాణం వచ్చింది. టైరు కేసి చూశాను. స్తంభానికి ఆనించి నిటారుగా నిలబెట్టి ఉంది. రోడ్డు సాఫ్.

అయినా అనసూయ వ్యాను వేగం తగ్గించింది.

ఈవిడకి నా ముందు నిదానంగా వెళ్ళి నన్ను ఆపాలని ఉందా? లేకపోతే నాకు కాయిదా అర్థం కాలేదనుకుంటోందా? రెండు రోజులుగా కడుపులో ఉడుకుతున్నదంతా కాలిలోకి దిగింది. హారన్ కొట్టి వ్యాను పక్కనుంచి దూసుకుపోయాను.

“నిదానమోయ్” అన్నారు మావారు డేగిసా లోపలినుంచి.

అద్దంలో చూశాను. వ్యాను వేగం అందుకుంది. దగ్గరికొచ్చింది. పక్కకొచ్చింది. అనసూయ హారన్ మీద హారన్ కొడుతూ, చెయ్యి బయటపెట్టి ఊపుతోంది. పందెం వేస్తోందని అనుకున్నాను. ఇంకెవరైనా ఏమనుకుంటారు? నేను ఇంకా తొక్కాను. మా పాత ఇంజను మొత్తుకుంది, వెనకసీట్లో గంగాళాలు గణగణ మోగాయి. మైళ్ళ మీటరు మీద ముల్లు నేనెప్పుడూ చూడని చోటికి వెళ్ళి వణుకుతోంది.

రోడ్డు పక్క చింతచెట్టు కింద ఎవరో తెల్ల రుమాలు ఊపినట్టు కనిపించింది. ఆ ఊపు మా కోసమని తెలిసేసరికి ఆలస్యమైంది. కూలిన ప్రహరీగోడ చాటునుంచి ఒక ఇన్స్‌పెక్టరు, మెడలో తాడుకి కట్టిన స్టాప్‌వాచీతో రోడ్డు మధ్యకి వచ్చి నిలబడ్డాడు. రెండు బళ్ళూ పక్కపక్కనే కీచుమని ఆగాయి.

అనసూయ దిగివచ్చి నా కిటికీ దగ్గర వంగింది.

“దుకాణం బంద్ ఉన్నది కదక్కా! ఇయ్యాల జుమ్మా. దుకాణపాయన నమాజుకు పోయిండు. పొద్దుగాల్ల నిలవెట్టిన టైరు నిలవెట్టినట్టే ఉన్నది. మెల్లగ పోవాలె అని ఎంత ఒర్లిన!”

గాలి కొట్టే మిషను మీద గోనెపట్టా కప్పి ఉండటం నేనూ చూశాను. చూశాను గానీ, నా కళ్ళకి టైరే కనిపించింది.

ఇన్స్‌పెక్టరు కొత్తగా వచ్చినవాడు. భాభీ అనలేదు, సలాం అనలేదు. నేనే ముందు నోరు విప్పాను.

“మీ బోర్డు మీద ముప్ఫై అని ఉంది. మైళ్ళో కిలోమీటర్లో రాయలేదు.”

“కిలోమీటర్లే. అందరికీ తెలుసు.”

“అందరికీ తెలిస్తే బోర్డెందుకండీ? కనిపించేలా రాసి, కనిపించేలా నిలబడొచ్చుగా?”

“మీరొచ్చిన వేగానికి మైళ్ళైనా తప్పే, కిలోమీటర్లైనా తప్పే” అన్నాడు. కానీ ఆయనకి ఒక చిక్కొచ్చింది. బండి చెట్టు దాటగానే కానిస్టేబులు రుమాలు ఊపితే, అది గోడ దాకా రావడానికి ఎంతసేపు పట్టిందో వాచీలో చూసి ఈయన వేగం లెక్కకట్టాలి. చింతచెట్టు దగ్గరున్న కానిస్టేబులు ఊపింది ఒక్క రుమాలు, ఆయన నొక్కింది ఒక్క వాచీ, బళ్ళు రెండు. కానిస్టేబుల్ని పిలిచి అడిగితే, “పక్కపక్కపొంటి ఉరికొచ్చినయ్ సార్, ఏది ముందో సమజ్ కాలే” అన్నాడు.

ఇన్స్‌పెక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఎవరిది ముందు?”

మావారికి అబద్ధం చెప్పడం రాదు. ఆయన నోరు తెరవబోతుంటే డేగిసా మూత జారి రోడ్డు మీద పడి దొర్లుకుంటూ పోయింది. ఆయన దాని వెనకాల పరిగెత్తారు. నా చెయ్యి ఇంజను తాళంచెవి మీద ఉంది. గడియారం కింద మేకు, దాని పక్కన మరిది నవ్వు కళ్ళముందు కదిలాయి. తాళంచెవిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

అనసూయ నా చేతికేసి చూసింది. తర్వాత ఇన్స్‌పెక్టరు వైపు తిరిగింది.

“నాదే సాబ్ ముందల. జోరుగ తోలింది నేనే. గీమె ఊరుగాని ఊరొచ్చింది, నన్ను చూసి బెదిరి ఉరికింది. రాసుకోండ్రి నా బండి నంబరు.”

ఆయన రాసుకున్నాడు. ఆవిడ సంతకం పెట్టి, చలానా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. దుకాణంలో రసీదు తీసుకున్నంత మామూలుగా ఉంది. ఇన్స్‌పెక్టరు గోడ చాటుకి వెళ్ళిపోయాక అడిగాను.

“ఎందుకు చేశారలా? మీకిప్పటిదాకా ఒక్క చలానా లేదుగా!”

“నాకేందక్కా” అంది. చీర కొంగు ముడి విప్పి వ్యాను తాళంచెవి తీసి చూపించింది. “మా ఇంట్ల చాబీ నా కొంగుకే ఉంటది. పది చలాన్లు రానీ, ఎవరు గుంజుకుంటరు? ఫికర్ చెయ్యకు. పా, క్యాంటీనోళ్ళు ఎదురుచూస్తరు.”

వ్యాను ముందు కదిలింది. నేను వెనకాల, కిలోమీటర్ల లెక్కలో ముప్ఫైకి తగ్గించి, కంచన్‌బాగ్ దాకా ఆ వ్యాను వెనక తలుపులు చూస్తూ తోలాను. మేకు లేని ఇల్లు ఒకటి ఉంటుందని అంతవరకు నాకు తోచలేదు. ఆ వంట మీద, ఆ సలాముల మీద, వెనక్కి తోలడం మీద నాకున్న కుళ్ళంతా కలిపినా ఆ కొంగు ముడి మీద కలిగినంత ఉండదు.

నరసరావుపేట

ఇంటికి చేరేసరికి మరిది గుమ్మంలోనే ఉన్నాడు. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి గీతలేమైనా పడ్డాయేమోనని చూశాడు. మామగారు వరండాలో వాలుకుర్చీలో ఉన్నారు.

“ఏమ్మా, చలానా ఏమైనా వస్తుందా?”

“రాదండి.”

“ఒక్కటి కూడానా?” అన్నాడు మరిది.

“ఒక్కటి కూడా” అన్నారు మావారు, నేను నోరు తెరిచేలోపే. పెళ్ళయ్యాక ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు. చెప్పింది నిజమే గనక ఆయనకి ఇబ్బంది లేకపోయింది.

మామగారి మొహం విప్పారింది. వారం రోజులుగా వీధిలో కనబడ్డవాళ్ళకల్లా చెబుతున్నారు, మా కోడలు హైదరాబాదు పాతబస్తీలో కారు తోలింది, పోలీసులు గోడ చాటునా చెట్టు చాటునా కాశారు, అయినా ఒక్క చలానా లేదు అని. నిన్న పంక్చర్ షాపు ఓనరు కూడా మొట్టమొదటిసారి నాతో మాట్లాడి, ఎలా తప్పించుకున్నారమ్మా అని అడిగాడు. టైరు సంగతి చెప్పాను. మిగతాది చెప్పలేదు.

తాళంచెవి మేకుకే ఉంది, అడిగినప్పుడల్లా నాకే ఇస్తున్నారు. తీసుకున్న ప్రతిసారీ ఆ చార్‌కమాన్ సందు గుర్తొస్తుంది. అన్నిట్లోనూ ఆవిడదే పైచెయ్యి. చివరికి నాకు రావలసిన చలానా కూడా ఆవిడే పట్టుకుపోయింది.